ఆరో ఈక

తెల్లారకముందే వలల దగ్గరికి నడిచాం.
బాల్టిక్ గాలి ఇసుకను మోకాలెత్తున తోలుతోంది.
ముందు స్కైద్రీతె, గుడ్డసంచుల గుత్తితో వెనక నేను.
సన్నదారం వలలో, మూడో అరలో,
ఎండాకు తగులుకున్నట్టు
ఓ పచ్చని పిట్ట.

"ఏది?" అంది, నావైపు తిరక్కుండానే.

ఏదంటే ఏం చెప్పను?
ఉన్నవి రెండు. చుంచింష్, వీతీతిస్.
అదే పాచిరంగు వీపు, అదే మాసిన పసుపు రొమ్ము,
కంటిమీద అదే లేత గీత.
కడుపులో చుక్క తప్ప తేడా లేని ధ, థ ల్లా
పక్కపక్కన కూర్చుని చదివేవాణ్ణి ఏడిపిస్తాయి.

వసంతంలో అయితే గొడవే లేదు.
చుంచింష్ తన పేరు తనే చెప్పుకుంటుంది,
చుం-చిం, చుం-చిం, అప్పులవాడు తలుపు కొట్టినట్టు.
వీతీతిస్ పాట పైమెట్టు మీద మొదలై
ఒక్కో మెట్టే దిగుతూ
కిందికొచ్చేసరికి
ఏం చెప్పాలనుకుందో మరిచిపోతుంది.
సెప్టెంబరులో ఎవరు పాడతారు? ఒక్క పిలుపు, అంతే.

కాళ్ళు చూడు, అన్నాయి పుస్తకాలు.
నల్లవైతే ఇది, తేనెరంగువైతే అది.
దీని కాళ్ళు టీ మరకల రంగు.
తోక చూడు, కిందికి ఊపుతుంటే చుంచింష్.
గుప్పిట్లో ఉన్న పిట్ట తోకెందుకు ఊపుతుంది!

గుడిసెలో ఆమె రెక్కను విసనకర్రలా విప్పింది.
పెదవులు కదుపుతూ లెక్కపెట్టింది.
ఆరో ఈక. దాని అంచు మధ్యలో నొక్కుకుపోతే చుంచింష్,
తిన్నగా సాగితే వీతీతిస్.
నొక్కంటే ఎంతని, గోటి మొదట్లో తెల్లమచ్చంత.
పొట్టి రెక్కది మధ్యధరా ఒడ్డున ఆగుతుంది.
పొడుగు రెక్కది సహారా దాటుతుంది.
రెండూ ఎనిమిదేసి గ్రాములు.

ఒకసారి పాత రిజిస్టరు తీసి చూపించింది.
ఎనభై ఏడు, సెప్టెంబరు పంతొమ్మిది.
నీలం సిరా, ఆమె దస్తూరీ:
రెక్క అరవై మూడు. వీతీతిస్.
కాదన్నాడట ఇల్గ్వార్స్. ఆరో ఈక మళ్ళీ చూడమన్నాడట.
చూడలేదు. చలి, ఇంకా నలభై సంచులు,
పైగా చెప్పింది ఇల్గ్వార్స్.
జనవరిలో సైప్రస్‌లో ఆ ఉంగరం దొరికింది, నిమ్మతోటలో.
ఉత్తరం మాస్కో మీదుగా, నాలుగు ముద్రలతో,
ఎండలు ముదిరాక చేరింది.
సహారా దాటాల్సినది నిమ్మచెట్టు కింద ఏం చేస్తోంది?
పదకొండేళ్ళు దాన్ని సొరుగులో ఉంచింది.
ఇప్పుడా పద్దు పక్కన పెన్సిలుతో, చీమల బారులా:
చుంచింష్. ఇల్గ్వార్స్ అన్నదే.
అతనది చూశాడా అని నేనడగలేదు.

ఇవాళ్టి పిట్టకు ఆరో ఈక విరిగి ఉంది.
రెండో రెక్కలో చూశాం, అక్కడ సగం పెరిగిన మొలక.
"వదిలేద్దాం. పిలుస్తుంది" అంది.
గుమ్మంలో గుప్పిట విప్పింది.
ముళ్ళపొదలో, నారింజ పళ్ళ గుత్తుల వెనక
వెళ్ళి దాక్కుంది.

పిలిచింది.
స్కైద్రీతె పొదవైపే చూస్తోంది, ఇంకా ఎదురుచూస్తూనే.
మళ్ళీ పిలిచింది.
అప్పుడర్థమైంది నాకు,
అంత పలచని స్వరాలు ఆమె చెవుల్లోంచి
ఎన్ని శరత్తుల కిందటో వలసపోయాయని.

"ఒక ముక్కా, రెండు ముక్కలా?" అడిగింది,
పొదనొదిలి నా పెదవుల్ని చూస్తూ.

వినడం నాకొచ్చు. విన్నదేమిటో ఆమెకే తెలుసు.
"హుయీత్" అన్నాను.
"హు దగ్గర విరుగుతోందా? సరిగ్గా అను."
మళ్ళీ అన్నాను. పిట్టా అంది.
చలికి నా కింది పెదవి వణికింది, అదీ లెక్కలోకొచ్చిందేమో.

నా నోరు చూసి
ఆమె ఒక పేరు రాసుకుంది.
పెన్సిలుతో.